అంకిస ఊరి బోర్డు
(సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది, పిల్లల పాటలు అయినవి, ఉగాది పచ్చడి చేతులు కడుగుకొన్నారు. ఇప్పుడొక రైల్వే గుమాస్తా లేచి రోడ్డు పక్క బోర్డును గురించి మాట్లాడుతానంటే మీలో కొందరి మనసు భోజనము మీదికి పోవుట సహజము. సిద్ధాంతిగారు ఈ యేటి పేరు పరాభవ అని చదివినారు. పేరు విని మీరెవ్వరూ దిగులు పడనక్కరలేదు. నా పరాభవము పోయిన విశ్వావసులోనే జరిగిపోయినది. ఆ సంగతి చెప్పుటకే కార్యదర్శిగారిని ఇరువది నిమిషములు అడిగి పుచ్చుకొన్నాను. నా చేతిలో మీ డబ్బున్నది గనుక లెక్క కూడ అప్పజెప్పవలసి యున్నది.

పోయిన ఉగాదినాడు, అనగా 2025 మార్చి 30న, అంకిస వారము మేము ఆరేడుగురము ఒక మాట అనుకొన్నాము. మా ఊరికి మొగదల ఒక స్వాగత ఫలకము లేదు. ఈ బల్లార్షాలో వీధి వీధికి కమానులున్నవి. గనులలో, కాగితపు మిల్లులో, రైల్వేలో పనిచేసే మనవారు సెలవులకు పోయినప్పుడు, బస్సు కిటికీలోనుండి తలయెత్తి చూస్తే ఊరి పేరు తెలుగులో కనపడవలెను అని మా కోరిక. చందా వేసినాము. 18,500 రూపాయలు వచ్చినవి. ఇక్కడి వెల్డింగు దుకాణములోనే ఇనుప రేకుతో బోర్డు చేయించినాము. ఆ మేస్త్రీకి తెలుగు రాదు. నేను కాగితము మీద వ్రాసి ఇచ్చిన అక్షరములను చూచి కోసినాడు. ఒక తలకట్టు ఎక్కడో పడిపోయినది. “స్వాగతము” అన్న మాటలో గకారము తల లేక నిలిచినది. చివరి దినము వరకు ఎవ్వరమూ చూడలేదు. చూచినది మా ఇంటివారు. అప్పటికే రంగు ఆరిపోయినది.

ఇంకొక సంగతి కూడ దాచకుండా చెప్పవలెను. ఊరి పేరు ఎంత పెద్దగా వ్రాయించినామో, దాని క్రింద చందాదారుల పేర్లు కూడ దాదాపు అంత స్థలము పట్టినవి. అందులో నా పేరు మూడవది.

మే నెలలో సెలవు పెట్టి, బోర్డును వ్యానులో వేసుకొని పోయినాను. సిరివంచ నుండి వచ్చే దిక్కున, ఊరు మొదలయ్యే చోట, రోడ్డు అంచున రెండు గుంతలు తీయించి సిమెంటుతో నిలబెట్టినాము. కొబ్బరికాయ కొట్టినాము. పిల్లలు ఫొటోలు తీసి మీకందరికీ పంపినారు. మీరు కూడ చప్పట్లు కొట్టిన బొమ్మలు పంపినారు. పదకొండు దినములు నిలిచినది. పండ్రెండవ దినము రోడ్డు వారు వచ్చి దానిని పెరికి, విరగగొట్టకుండా తెచ్చి, పంచాయతీ గోడకు ఆనించి పోయినారు.

ఆ సాయంత్రము ఇక్కడికి వచ్చిన ఫోనులు మీకు జ్ఞాపకముండును. “తెలుగులో వ్రాసినందుకే తీసినారు” అన్నవారే ఎక్కువ. నేను కూడ ఆ మాటే అన్నాను. ఎవరో చెప్పగా విని కాదు, నా కడుపు మంటతోనే అన్నాను. నాలుగు పుటల అర్జీ వ్రాసినాను. అందులో రాజ్యాంగము వచ్చినది, పొట్టి శ్రీరాములుగారు వచ్చినారు. రాని దొక్కటే. బోర్డు నాటిన నేల ఎవరిదో ఆ నాలుగు పుటలలో ఎక్కడా లేదు.

అర్జీ పట్టుకొని ఒక కార్యాలయమునకు పోయినాను. వారు చదివి, ఈ రోడ్డు మాది కాదన్నారు. ఇంకొక కార్యాలయమునకు పోయినాను. అక్కడ ఒక పెద్దమనిషి కూర్చుండబెట్టి, నీళ్ళు ఇప్పించి, అర్జీ పూర్తిగా చదివినారు. తరువాత నన్ను మూడు ప్రశ్నలు అడిగినారు. “మీరు నాటిన భూమి ఎవరిది? నాటుమని ఎవరు వ్రాసి ఇచ్చినారు? రాత్రి లారీ వచ్చి దానికి తగిలి క్లీనరు చచ్చిపోతే జవాబుదారి ఎవరు?” నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. బోర్డు ఏ భాషలో ఉన్నదని మాత్రము ఆయన అడుగనే లేదు. నేనే చెప్పబోయినాను. “అది తరువాతి మాట” అన్నారు.

ఆ తరువాతి నెలలలో నేను తెలుసుకొన్నది మీకు చెప్పుతాను. మీలో చాలమందికి మీ మీ ఊళ్ళలో ఇటువంటి కోరికలే ఉన్నవి. నా వలె పద్నాలుగు వేలు రోడ్డు పక్క పూడ్చి నేర్చుకొనవలసిన పని లేదు.

మొదటిది, రోడ్డు ఎవరిదో తెలియవలెను. మా ఊరిలో దానిని అందరు “ఆసరల్లి రోడ్డు” అంటారు. సర్కారు రోడ్డు, రాష్ట్రపు రోడ్డు అని నేను కూడ అనుకొన్నాను. అది జాతీయ రహదారి. నిజామాబాదు నుండి జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరు మీదుగా ప్రాణహిత దాటి సిరివంచకు వచ్చి, అంకిస, ఆసరల్లి, పాతగూడెము మీదుగా ఇంద్రావతి దాటి భోపాలపట్నము, జగదల్‌పూర్ పోయే రోడ్డు. పాత లెక్కలో 16వ నంబరు. దేశములోని నంబర్లన్నీ 2010లో మార్చినప్పుడు 63 అయినది. ఎన్నో యేండ్లు ఆ రోడ్డు గుంతలు చూచినవాడెవ్వడూ దానిని జాతీయమని అనుకొనడు. అది మా తప్పు కాదు. కాని పేరు పేరే, చట్టము చట్టమే.

మీ ఊరి రోడ్డు ఏదో తెలుసుకొనుటకు ఏ కార్యాలయమునకు పోనక్కరలేదు. కిలోమీటరు రాయి తల చూడండి. పసుపు రంగు అయితే జాతీయ రహదారి. ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. నారింజ రంగు అయితే ప్రధానమంత్రి గ్రామ సడక్ పథకములో వేసిన పల్లె రోడ్డు. రాయిని చూడకుండా అర్జీ వ్రాసినవాడు నా వలె రెండు కార్యాలయముల మెట్లు ఎక్కుతాడు. జాతీయ రహదారి భూమి సంగతి 2002లో పార్లమెంటు చేసిన చట్టము చూస్తుంది. ఆ భూమిలో అనుమతి లేక ఏది నిలిపినా తీయించే అధికారము రహదారి వారికున్నది. మహారాష్ట్రలో రాష్ట్ర రహదారి అయితే 1955లో బొంబాయి రాష్ట్రము చేసిన హైవేల చట్టము వర్తిస్తుంది. అక్కడ అర్జీ పోవలసినది ప్రజాపనుల శాఖకు, మా వైపు మాటలో చెప్పితే బాంధకామ్ వారికి. తెలంగాణలో, ఆంధ్రలో మీ ఊరు రాష్ట్ర రహదారి మీద ఉంటే రోడ్లు భవనముల శాఖకు. శాఖ మారినా వారు అడిగే ప్రశ్నలు మారవు.

రెండవది మీకు రుచించదు. కమాను కోరిక మానుకొనండి. మా అన్నదమ్ములలో కొందరు, “బోర్డు పోతే పోయె, ఈసారి రోడ్డు మీదుగా కమానే కట్టుదాము, దానిని ఎవడు పెరుకుతాడో చూస్తాము” అన్నారు. 2013 జనవరి 18న సుప్రీముకోర్టు రాష్ట్ర ప్రభుత్వములకు ఒక ఉత్తరువు ఇచ్చినది. ప్రజల రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహములకు గాని కట్టడములకు గాని అనుమతి ఇవ్వరాదని. దీపస్తంభములు, రాకపోకలకు సంబంధించినవి, రోడ్ల అభివృద్ధికి పనికివచ్చేవి మాత్రము దానినుండి మినహాయించినారు. కమాను మినహాయింపులోనిదని వాదించవచ్చును. కాని ఆ వాదము మీద మీ చందా ఖర్చు చేయుట నాకు ఇష్టము లేదు. అదిగాక రోడ్డు మీద తలపైన కట్టేదానికి క్రింద అయిదున్నర మీటర్ల ఖాళీ ఉండవలెనని కొలత ఉన్నది. గడ్డి లోడు ట్రాక్టరు, వెదురు లోడు లారీ పోయే దారి అది. కమాను స్తంభము ఎంత గట్టిగా ఉంటే తగిలినవాడికి అంత ప్రమాదము.

మూడవది, బోర్డులలో రెండు జాతులున్నవి. ఈ భేదము తెలియకనే మేము చెడిపోయినాము. ఊరి పేరు తెలిపే బోర్డు వేరు, స్వాగతము చెప్పే బోర్డు వేరు. మొదటిది రహదారి వారి పని. అది ఎట్లుండవలెనో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు 67వ నంబరు నియమావళిలో వ్రాసిపెట్టినారు. జాతీయ, రాష్ట్ర రహదారుల మీద ఆకుపచ్చ నేలపై తెల్లని అక్షరములు, రాత్రి బండి దీపము పడితే మెరిసే రేకు. దానిని మన డబ్బుతో మనము నాటరాదు, నాటుమని అడుగవచ్చును. రెండవది మనది, అనగా గ్రామపంచాయతీది. దానికి రోడ్డు భూమి వాడుకొనవలెనంటే వారి అనుమతి కావలెను. రోడ్డు భూమి హద్దు దాటి పంచాయతీ నేలలో పెట్టితే గ్రామసభ ఠరావు ముఖ్యము. అప్పుడు కూడ రోడ్డు వారికి ఒక జాబు వ్రాయుట మంచిది. మలుపులో చూపుకు అడ్డము వచ్చినా, దీపము వెలుగు డ్రైవరు కంట్లో పడినా హద్దు బయట ఉన్నదని వారు ఊరకుండరు, ఊరకుండరాదు కూడ.

మా రైల్వేలో ఈ సంగతి నాకు తెలియవలసినదే. స్టేషను పేరు పలక పసుపు నేల మీద నల్లని అక్షరములతో ఉంటుంది. ప్రాంతీయ భాష, హిందీ, ఇంగ్లీషు. పేరు ఏ అక్షరములతో వ్రాయవలెనో స్టేషను మాస్టరు ఇష్టము కాదు, గుమాస్తా ఇష్టము అంతకన్నా కాదు. రాష్ట్ర ప్రభుత్వము ఒప్పుకొన్న వ్రాతే వ్రాయవలెను. ప్లాట్‌ఫారము మీద ఒక మేకు కొట్టవలెనన్నా కాగితము కావలెనని దినము పదిమందికి చెప్పేవాడిని, నా ఊరి దగ్గర గునపము పట్టుకొని రోడ్డు త్రవ్వినాను. ఊరి మీది ప్రేమ అటువంటిది అని మా అధికారి ఒకరు నవ్వినారు. ప్రేమ అయితే పేర్ల పట్టిక ఎందుకు పెట్టినారు అని మా ఇంటివారు అడిగినారు.

ఇప్పుడు భాష సంగతికి వస్తాను. “అది తరువాతి మాట” అన్నారు గదా, తరువాతి మాటే అయినా చిన్న మాట కాదు.

మన వైపు తెలుగు ఎట్లు వచ్చినదని ఇక్కడి మిత్రులు అడుగుతుంటారు, మేమేదో వలస పోయినవారమైనట్లు. బల్లార్షాలో మనము వలసవారమే. అంకిసలో కాదు. 1860లో నిజాము గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి ఇచ్చివేసినాడు. వాటితో అప్పర్ గోదావరి జిల్లా అని ఒక జిల్లా చేసి, మా సిరివంచను దానికి ముఖ్యపట్టణము చేసినారు. ఆ జిల్లాలో భద్రాచలము కూడ ఉండెను. అవును, రామదాసు గుడి కట్టించిన భద్రాచలమే. ఆ కాలములో మా వారు రాముడిని చూడబోతే స్వంత జిల్లాలోనే పోయి వచ్చినట్లు. 1874లో ఆ జిల్లాను ఎత్తివేసినారు. భద్రాచలము, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయినవి. సిరివంచ చాందా జిల్లాలో చేరినది. 1909లో నూగూరు, ఆల్బాక, చెర్ల కూడ మద్రాసుకు పోయినవి. మేము నిలిచిపోయినాము. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నాము, 1950లో మధ్యప్రదేశ్ అన్నారు. 1956 నవంబరు 1న అక్కడ ఆంధ్రప్రదేశ్ అవతరించినది, ఇక్కడ అదే దినము మా చాందా జిల్లా బొంబాయి రాష్ట్రములో కలిసినది. 1960 మే 1న మహారాష్ట్ర. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా. మా ఊరు కదలకుండా ఇంత ప్రయాణము చేసినది. టికెట్టు అడిగినవాడు లేడు.

ఇన్ని మార్పులలో ఇంటి మాట మారలేదు. అక్షరము మారినది. మా తాత తెలుగులో సంతకము చేసేవాడు. మా బాపు మరాఠీ బడిలో చదివినాడు, నేనూ అంతే, మెట్రిక్ వరకు మరాఠీలోనే. నాకు తెలుగు అక్షరములు పెద్దబాలశిక్ష ముందు పెట్టుకొని మా తాత నేర్పినాడు. తక్కినది చెన్నూరు బస్సుల బోర్డులు, సినిమా వాల్‌పోస్టర్లు నేర్పినవి. పోస్టరు చదివి బస్సు తప్పిపోయిన దినములు కూడ ఉన్నవి. ఈ సంగతి ఎందుకు చెప్పుతున్నానంటే, మేము నాటిన బోర్డు తెలుగులో మాత్రమే ఉండెను. ఊరిలో తెలుగు మాట్లాడని ఇల్లు వెదకవలెను, కాని ఆ బోర్డు చదువగలిగిన పిల్లవాడిని కూడ వెదకవలసి వచ్చినది. ఫొటో తీసిన పిల్లలలో ఒకడు, “మామా, ఏం రాసిండ్రు దీని మీద?” అని నన్నే అడిగినాడు. నేను ఆ దినము ఆ ప్రశ్నను నవ్వి దాటవేసినాను.

చట్టము ఏమంటున్నదో చూద్దాము. మహారాష్ట్రలో 1964 నాటి చట్టము మరాఠీని రాజభాషగా చెప్పుతున్నది. 2022లో గ్రామపంచాయతీలు, పురపాలక సంఘముల వంటి స్థానిక సంస్థల పనులన్నీ మరాఠీలో జరుగవలెనని ఇంకొక చట్టము వచ్చినది. దుకాణముల బోర్డులకు వేరే చట్టమున్నది. మరాఠీ అక్షరములు తక్కిన భాషల అక్షరములకన్న చిన్నవిగా ఉండరాదని. 2023 సెప్టెంబరులో సుప్రీముకోర్టు దుకాణదారులకు రెండు నెలల గడువు ఇచ్చినప్పుడు మన కిరాణా వారెందరో తెలుగు పేర్లు చెరిపివేసినారు. చెరపనక్కరలేదు. ప్రక్కన మరాఠీ సమానముగా వ్రాస్తే సరిపోయేది. భయము చట్టముకన్న నాలుగు అడుగులు ముందు నడుస్తుంది.

స్థానిక సంస్థ బోర్డు మీద మరాఠీతో పాటు ఇంకొక భాష ఉండవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు మన పోయిన ఉగాదికి పదునారు దినముల తరువాత వచ్చినది. అకోలా జిల్లాలో పాతూర్ అని ఒక పట్టణము. అక్కడి పురపాలక భవనము బోర్డు మీద పైన మరాఠీ, క్రింద ఉర్దూ. 1956 నుండి అక్కడ ఉర్దూ వాడుకలో ఉన్నది. ఒక మాజీ సభ్యురాలు అది కూడదని అభ్యంతరము చెప్పినారు. 2020లో సంఘము అధిక సంఖ్యతో ఉర్దూ ఉండవచ్చునని తీర్మానించినది. వ్యవహారము కలెక్టరు వద్దకు, కమిషనరు వద్దకు, నాగపూరు హైకోర్టు బెంచికి పోయి, చివరకు సుప్రీముకోర్టు చేరినది. 2025 ఏప్రిల్ 15న జస్టిస్ సుధాంశు ధూలియా, జస్టిస్ కె. వినోద్ చంద్రన్ తీర్పు ఇచ్చినారు. మరాఠీ ఉండవలసినదే, కాని దానికి తోడుగా ఇంకొక భాషను వాడరాదని 2022 చట్టములో ఎక్కడా లేదు అని. భాష మతము కాదని, అది ఒక ప్రాంతపు ప్రజలదని కూడ ఆ తీర్పులో అభిప్రాయము చెప్పినారు.

పాతూరులో ఉర్దూకు ఉన్న మార్గము అంకిసలో తెలుగుకు మాత్రము ఎందుకు ఉండదు? పంచాయతీ బోర్డు మీద పైన మరాఠీ, దాని క్రింద తెలుగు. ఇందులో ఎవరినీ భిక్ష అడుగుట లేదు, ఎవరితోనూ కలహము లేదు. అయితే ఆ తీర్పును మరీ సాగదీయరాదు. అది పురపాలక బోర్డు సంగతి. రహదారి వారి ఆకుపచ్చ బోర్డు మీద తెలుగు వ్రాయుమని ఆజ్ఞాపించే తీర్పు కాదు. దానికి మనము అర్జీ పెట్టుకొనవచ్చును. అల్పసంఖ్యాక భాషలవారు నూటికి పదిహేను ఇరువది మంది ఉన్న చోట ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలో కూడ ఉండవలెనని 1956 నుండి కేంద్రము వారి హామీ ఉన్నది. హామీ అన్నాను, చట్టమనలేదు. ఈ రెంటికీ ఉన్న దూరము రైల్వేలో రిజర్వేషనుకు, వెయిటింగు లిస్టుకు ఉన్నంత.

2025 ఆగస్టు 15న మా ఊరి గ్రామసభకు పోయినాను. ఈసారి పుటలు తగ్గించి ఒక్క కాగితము పట్టుకొని పోయినాను. ఠరావు సులభముగా అవుతుందనుకొన్నాను. అది కాలేదు.

మొదట లేచినది ఒక అవ్వ. నాకు దూరపు చుట్టము, చిన్నప్పుడు నన్ను ఎత్తుకొన్నది. “ఎవ్వల కోసం రా బిడ్డా బోర్డు? మా ఊరు మాకు తెల్వదా? బస్సు ఆగేకాడ కూసుందామంటే నీడ లేదు. ఎండల పిల్ల తల్లులు నిలవడుతున్నరు. మీరు ఏడాదికొక్కసారి వచ్చి చూసుకోనీకి గింత ఇనుము పాతిండ్రు” అన్నది. సభ అంతా నవ్వినది. నేను కూడ నవ్వబోయి ఆగిపోయినాను. ఆమె అన్నది నిజము. ఆ బోర్డు అంకిసలో ఉన్నవారి కోసము కాదు, అంకిసను విడిచివచ్చిన మన కోసము. విడిచివచ్చినవాడికి ఊరు పేరుగా మారుతుంది. ఉన్నవాడికి ఊరు నీళ్ళు, నీడ, బస్సు.

తరువాత లేచినది ఒక గోండు పెద్దమనిషి. ఆయనకు తెలుగు మన అందరికన్న బాగా వస్తుంది. “మీరు మరాఠీ కింద తెలుగు అడుగుతున్నరు, మంచిదే. తెలుగు కింద మా మాట ఎక్కడ?” అన్నాడు. నేను పాతూరు తీర్పు సంగతి చెప్పి కూర్చున్నవాడిని. ఆ తీర్పులోని న్యాయము ఆయన నోట విన్నప్పుడు నాకు జవాబు దొరకలేదు. మరాఠీవారి ఎదుట మనము ఎట్లు నిలబడినామో, ఆయన మన ఎదుట అట్లే నిలబడినాడు. “స్థలము చాలదు” అన్నారు మనవారిలో ఒకరు. చందాదారుల పేర్లకు చాలిన స్థలము ఒక గోండీ మాటకు చాలదా అని నేనే అన్నాను. ఈ ఒక్క మాటకు మాత్రము ఆ సంవత్సరములో నన్ను ఎవరూ తిట్టలేదు.

మూడవ తగవు పేరు మీద. మరాఠీలో దీర్ఘముతో అంకిసా అని వ్రాస్తారు. మనము అంకిస అంటాము. ఒక మాస్టరుగారు, రెండు వరుసలలో రెండు రకములుగా ఉంటే పైవాడు తప్పు పట్టుతాడు, తెలుగులో కూడ అంకిసా అనే వ్రాయుమన్నారు. నేను ఒప్పుకొనలేదు. మన పెద్దలు సిరివంచ అన్నదానిని వారు సిరోంచా అంటారు. కాగితములలో సిరోంచా స్థిరపడినది. నోటిలో ఉన్న పేరు వ్రాతలో కూడ ఒక్క చోటనైనా ఉండకపోతే, మన మనుమలు దానిని తాతల పలుకుబడి లోపమనుకొంటారు. మరాఠీ వరుసలో ప్రభుత్వపు వ్రాత, తెలుగు వరుసలో మన వ్రాత. ఈ మాట మీద చాలసేపు వాదము జరిగి చివరకు నా వైపే తీరినది.

ఠరావు ఇట్లయినది. బస్సు ఆగే చోట, రోడ్డు భూమి హద్దుకు లోపలి వైపు, పంచాయతీ నేలలో ఒక రేకుల నీడ, రెండు సిమెంటు బల్లలు. వెనుక గోడ మీద మూడు వరుసలు. పైన మరాఠీలో ఊరి పేరు, స్వాగతము. దాని క్రింద తెలుగులో అంకిస అని, దానితో పాటు స్వాగతము. మూడవది గోండు వారి పలకరింపు, జోహార్. అక్షరములు మూడు వరుసలలో ఒకే కొలత. దాతల పేర్లు లేవు. పాత బోర్డు ఇనుము కోసి రేకుల క్రింద దూలములకు వాడుకొనవలెను. కనుక మీ డబ్బు పూర్తిగా పోలేదు, రూపము మార్చుకొన్నది.

రహదారి వారికి మేము పంపిన కాగితములు ఏవో చెప్పుతాను, మీకు పనికిరావచ్చును. ఠరావు నకలు. రోడ్డు నంబరు, ఏ కిలోమీటరు రాయి నుండి ఎంత దూరము, సిరివంచ నుండి పోతే ఎడమ వైపా కుడి వైపా. రోడ్డు నడిమి గీత నుండి గోడకు ఉన్న దూరము టేపుతో కొలిచి వేసిన పటము. గోడ మీద వ్రాసే మాటలు అక్షరమక్షరము, ఒక్క వ్యాపార ప్రకటన కూడ ఉండదని హామీ. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అడ్డము వస్తే పంచాయతీ తన ఖర్చుతో తీసివేయునని ఒప్పుదల. సున్నము, మరమ్మతు ఎవరు చూస్తారన్నది. ఆ పెద్దమనిషి అడిగిన మూడు ప్రశ్నలకు ఈసారి ఆయన అడుగకముందే జవాబు వ్రాసినాము. ఊరి పేరు ఆకుపచ్చ బోర్డు కోసము వేరే అర్జీ పెట్టినాము. రెండు కోరికలు ఒక కాగితములో కలిపితే ఒకటి ఆగినప్పుడు రెండూ ఆగుతవి. ఈ మాట గుమాస్తాగా చెప్పుతున్నాను, నమ్మండి.

గోడ సంగతికి అభ్యంతరము లేదని జాబు వచ్చినది. హద్దు రాళ్ళు వారి మనిషి వచ్చి చూపించి పోయినాడు. మనము మేలో పాతిన గుంతలకు, ఆ హద్దుకు నడుమ నా లెక్కన పదిహేడు అడుగులు. పదిహేడు అడుగులు వెనుకకు జరిగి ఉంటే ఈ ప్రసంగమే లేదు. ఆకుపచ్చ బోర్డు అర్జీకి ఇంకా జవాబు రాలేదు. నకలు, టపా రసీదు నా దగ్గర ఉన్నవి. ప్రతి రెండు నెలలకు ఒక జ్ఞాపకపు జాబు వ్రాస్తున్నాను.

ఇక లెక్క. వసూలు 18,500. మొదటి బోర్డుకు, వ్యానుకు, సిమెంటుకు, కొబ్బరికాయకు 14,200. మిగిలినది 4,300. అందులో నేను ఆ కార్యాలయములకు తిరిగిన బస్సు చార్జీలు వ్రాసుకొనలేదు, అవి నా తెలివితక్కువకు జుల్మానా. నీడ, బల్లలు, గోడకు ఊరివారు ఇసుక, మనుషుల పని ఇస్తామన్నారు. సిమెంటు, రేకులు మనము ఇవ్వవలెను. ఎంత అవుతుందో మేస్త్రీ వ్రాసి ఇచ్చిన చిట్టీ కార్యదర్శిగారి వద్ద ఉన్నది. చూచి, నచ్చితేనే ఇవ్వండి. పోయినసారి ఇచ్చినవారు మళ్ళీ ఇవ్వనక్కరలేదు.

డబ్బుకన్న ముందు ఇంకొక సహాయము కావలెను. గోడ మీద తెలుగు అక్షరములు ఈసారి నా చేతివ్రాత చూచి కోయించదలచలేదు. మన సంఘపు ఆదివారపు తెలుగు తరగతి పిల్లలలో ఎవరి వ్రాత గుండ్రముగా ఉన్నదో వారు పెద్ద కాగితము మీద “అంకిస”, “స్వాగతము” అని వ్రాసి ఇవ్వవలెను. తలకట్లు మా ఇంటివారు పరీక్షించుతారు.

తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితము పెట్టినాను. ఆకుపచ్చ బోర్డు మీద తెలుగు కూడ ఉండవలెనని కోరే అర్జీ అది. అంకిస, ఆసరల్లి, సిరివంచ వైపువారు ఎవరున్నారో సంతకము చేయండి. తెలుగులో వ్రాయవచ్చినవారు తెలుగులో, రానివారు మరాఠీలో, రెండూ రానివారు వ్రేలిముద్ర. ఊరి పేరు, వయస్సు వ్రాయుట మరువవద్దు. కలము దారముతో బల్లకు కట్టియున్నది. భోజనమునకు పోయే ముందే చేయండి, పచ్చడి మరకలున్న అర్జీని ఏ కార్యాలయమూ పుచ్చుకొనదు.